సత్యము పలుకువానికి న్యాయవాది తోడు

2016వ సంవత్సరమున పూర్వపు మహబూబ్‌నగరు జిల్లానుండి విడివడి జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల ప్రజలకు గుత్తపనులు క్రొత్తవి కావు. దేశమునందలి అనేక ఆనకట్టలకు మన పాలమూరు కూలీలు మట్టి మోసిరి. పిదప జూరాల ఆనకట్టయు, కల్వకుర్తి ఎత్తిపోతలయు మన సీమకే వచ్చినవి. పనితోపాటు ప్రజాధనమును వచ్చినది. దానితో శోధనయు వచ్చినది.

గత వేసవిలో నా పూర్వ విద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. ఆతడు కాలువపనిలో కొలతలు వ్రాయు చిన్న యుద్యోగి. జరిగిన పనికంటె హెచ్చుగా కొలతల పుస్తకమునందు వ్రాయుమని పైవారు తన్ను నిర్బంధించుచున్నారని చెప్పి, "అయ్యా, వ్రాసినచో పాపము, వ్రాయకున్న ఉద్యోగము పోవును, ఫిర్యాదు చేసినచో నన్నే దొంగను చేయుదురు. నాకు దిక్కెవరు?" అని యడిగెను. ఇరువది యేండ్లుగా తరగతిలో సత్యమును బోధించిన నాకు వెంటనే బదులు తోచలేదు.

ధైర్యమొక్కటియే చాలునని పిల్లలకు చెప్పుట అన్యాయమని నా యభిప్రాయము. సత్యేంద్ర దూబే యను యువ ఇంజనీరు జాతీయ రహదారి పనులలోని అక్రమములను గూర్చి 2002లో ప్రధానమంత్రి కార్యాలయమునకు లేఖ వ్రాసి, తన పేరు గోప్యముగ నుంచుమని వేడెను. పేరు దాగలేదు. 2003 నవంబరు 27న గయలో ఆతడు హత్యకు గురియయ్యెను. దోపిడికై చంపిరని దర్యాప్తులో తేల్చినను, పేరు బయటపడిన తీరు దేశమును కలచివేసెను. ఇట్టివారి రక్షణకై పార్లమెంటు 2014లో చట్టము చేసెను. అది అమలునకు రాకయే ఏండ్లు గడచినవి.

మన సీమలోని సంగతియు చూడుడు. నాగర్‌కర్నూలు పూర్వ శాసనసభ్యులు నాగం జనార్దనరెడ్డిగారు పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకపు గుత్త అంచనాలపై అభియోగములు చేసి హైకోర్టునకు వెళ్లిరి. హైకోర్టు వానిని త్రోసిపుచ్చెను. 2025లో సుప్రీంకోర్టును అట్లే చేసెను. అభియోగము నిలువలేదు. ఐనను అడుగదలచినవారు న్యాయాసనము నెదుట అడిగిరి. ఎదుటివారు బదులు చెప్పుకొనిరి. న్యాయమార్గమనగా నిదియే. కాని పేరుగల నాయకునకు న్యాయవాదులు దొరకుదురు. కొలతలు వ్రాయు చిన్నవానికి ఎవరు దొరకుదురు?

దొరకుదురు. ఈ సంగతి మన ఊళ్లలో పెక్కుమంది యెరుగరు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టముననుసరించి స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగ న్యాయవాది నిత్తురు. వెట్టిచాకిరికి లోనైనవారును, పేదలును అర్హులే. 15100 అను ఫోను సంఖ్యకు పిలిచినచో దారి చూపుదురు. 2005 నాటి సమాచార హక్కు చట్టమువలన ప్రభుత్వపు పనిని కన్నులార పరిశీలించుటకును, వాడిన సామగ్రి నమూనాలను పొందుటకును పౌరునకు హక్కు కలదు.

న్యాయవాది మనకై వాదించువాడు మాత్రమే కాడు. మన తొందరపాటును ఆపువాడును అతడే. విన్నదేది, కన్నదేది, ఋజువేది యని అతడు ముందుగా మనలనే ప్రశ్నించును. నిరపరాధిపై నింద మోపుటయు అసత్యమే కదా!

నా శిష్యుడు షెడ్యూల్డు కులమువాడు. రుసుము లేకయే న్యాయవాదిని పొందెను. తాను స్వయముగ కొలిచినవానిని మాత్రమే తేదీలతో వ్రాసి ఫిర్యాదు నిచ్చెను. విచారణ ఇంకను ముగియలేదు. ఆతడు మాత్రము తప్పుడు కొలత వ్రాయలేదు.

తలిదండ్రులారా, మీ బిడ్డలు ఇంజనీర్లు కావలెనని కోరుదురు, మంచిదే. ఒక్కనినైనను న్యాయశాస్త్రము చదివింపుడు. విద్యార్థులారా, మీలో నొకడు న్యాయవాదియై, భయపడుచు వచ్చిన కూలివాని ప్రక్కన నిలుచునేని, ఈ పాఠశాలలో మేము చెప్పిన చదువు సార్థకమగును.