తెర వెనుక: అతుకు కనిపించకూడదు!

షికాగో వెళ్లొచ్చిన వాళ్ల ఫొటో ఆల్బమ్ తిరగేయండి. తళతళలాడే ఓ పేద్ద చిక్కుడుగింజ, అందులో వంకరటింకరగా మనవాళ్లు... ఈ ఫొటో దాదాపు ఉండి తీరుతుంది. మిలీనియం పార్కులోని ఆ గింజ అసలు పేరు 'క్లౌడ్ గేట్'. ముంబయిలో పుట్టి లండన్‌లో స్థిరపడిన శిల్పి అనీష్ కపూర్ ఊహ అది. పాదరసం బొట్టులా ఉండాలన్నది ఆయన కోరిక. అంటే... ఎక్కడా అతుకు కనిపించకూడదు!

చెప్పడం తేలికే. 66 అడుగుల పొడవు, 33 అడుగుల ఎత్తు ఉన్నదాన్ని ఒకే రేకుతో చేసేదెలా? కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో ఓ కంపెనీ ఆ పనికి సిద్ధపడింది. కంప్యూటర్‌లో నమూనా చూసుకుంటూ 168 స్టెయిన్‌లెస్ స్టీలు పలకల్ని వంచింది. మొత్తం అక్కడే కలిపేసి, ఓడలో పనామా కాలువ మీదుగా పంపిద్దామనుకున్నారు. దారిలో దెబ్బ తగిలితే? పార్కు అధికారులు ససేమిరా అన్నారు. దాంతో పలకల్ని లారీల్లో తెచ్చి పార్కులోనే అతకాల్సి వచ్చింది.

లోపలి చట్రం సంగతి చూసుకున్నది ఇంజినీర్లు. షికాగోలో చలికాలం గడ్డకట్టిస్తుంది, ఎండాకాలం మాడ్చేస్తుంది. స్టీలేమో వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. చట్రానికి గట్టిగా బిగించేస్తే పైరేకు సొట్టలు పడుతుంది. అందుకే లోపల రెండు పెద్ద ఉక్కు వలయాలు పెట్టి, వాటితో నిమిత్తం లేకుండా పైతొడుగు కదిలే ఏర్పాటు చేశారు. ఇంతా చేసి బరువు 110 టన్నులు. కింద రెస్టారెంటు, కార్ల పార్కింగు... అక్కడా అదనపు ఊతం పెట్టాల్సి వచ్చింది.

2004 జులైలో పార్కు తెరిచారు. అప్పటికి పలకల మధ్య గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అయినా జనానికి తెగ నచ్చేసింది! దాంతో కొన్ని నెలలు అలాగే ఉంచారు. మరోచోటైతే 'బాగానే ఉందిగా, ఇక వదిలేయండి' అనేవాళ్లేమో. వీళ్లు వదల్లేదు. 2005 జనవరిలో చుట్టూ డేరా కట్టి మళ్లీ పని మొదలుపెట్టారు.

అసలు తపస్సు ఆ డేరాలోనే. 2,442 అడుగుల అతుకు! వెల్డింగ్ చేసిన చోటల్లా అరగదీయాలి. మొదట గరుకుగా, తర్వాత ఇంకాస్త నున్నగా... అలా అయిదు దశలు. చెయ్యి కాస్త ఎక్కువ పడిందా, గుంట పడుతుంది. అద్దంలాంటి రేకులో చిన్న గుంట ఉన్నా, అందులో కనిపించే ఆకాశమే సొట్ట పడుతుంది. ఈ పని చేసింది ఇనుప పనివాళ్ల సంఘానికి చెందిన 24 మంది. ఫొటోలు దిగేవాళ్లలో వాళ్ల గురించి తెలిసినవాళ్లు ఎందరుంటారు?

2005 ఆగస్టులో డేరా తీసేశారు. 2006 మే 15న లాంఛనంగా అంకితం చేశారు. మొదట వేసిన లెక్క 60 లక్షల డాలర్లు. చివరికి తేలింది 2.3 కోట్లు! అంతా దాతల సొమ్మే.

ఇక రోజువారీ పని అంటారా... అడుగున ఆరడుగుల మేర తుడుస్తూ ఉండాల్సిందే. వచ్చినవాళ్లంతా తడిమి చూస్తారు మరి!