తొలి పూతలోనే బోర్డు భవితవ్యం

తిరుపతి: సెల్‌ఫోన్ల కూర్పుతోనే సరిపెట్టుకోవాలా, వాటికి గుండెకాయ వంటి సర్క్యూట్‌ బోర్డులనూ ఇక్కడే సిద్ధం చేయాలా? ఎలక్ట్రానిక్స్‌ పరిశ్రమపై ఆశలు పెట్టుకున్న జిల్లా ముందున్న ప్రశ్న ఇది. శ్రీసిటీలో 2015 ఆగస్టులో షియోమీ ఫోన్ల తయారీ మొదలైన నాటికి దేశంలోని కర్మాగారాలకు బోర్డులు ఎక్కువగా విదేశాల నుంచే వచ్చేవి. విడిభాగాలు అమర్చిన బోర్డులపై కేంద్రం 2018 ఏప్రిల్‌లో 10 శాతం దిగుమతి సుంకం విధించడంతో ఆ పనికి దేశంలో ఊపు వచ్చింది.

పేస్ట్‌ ముద్రణే కీలకం

బోర్డుల పనికి తొలి మెట్టు సోల్డర్‌ పేస్ట్‌ ముద్రణ. చిల్లుల రేకుతో ముగ్గు దింపినట్లే, లేజర్‌తో రంధ్రాలు చేసిన పలుచని ఉక్కు రేకును బోర్డుపై పరచి పేస్ట్‌ను పూస్తారు. ఈ స్టెన్సిల్‌ మందం సాధారణంగా 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లే. పేస్ట్‌ తగ్గితే అతుకు బలహీనపడుతుంది. ఎక్కువైతే పక్కపక్క అతుకులు కలిసి షార్ట్‌ సర్క్యూట్‌ అవుతుంది. విడిభాగాలు అమర్చకముందే లోపాన్ని గుర్తిస్తే పేస్ట్‌ తుడిచి మళ్లీ ముద్రించవచ్చు. కొలిమి దాటాక మరమ్మతు ఖర్చుతో కూడుకున్నది.

నైపుణ్యమే పెట్టుబడి

పేస్ట్‌ను శీతల పెట్టెలో భద్రపరచాలి. బయటకు తీసి, గది ఉష్ణోగ్రతకు రాకముందే మూత తెరిస్తే తేమ పట్టి పాడవుతుంది. ఎండలు, ఉక్కపోత అధికంగా ఉండే ఈ ప్రాంతంలో నిరంతర విద్యుత్‌, శీతలీకరణ తప్పనిసరి. ఐటీఐ, పాలిటెక్నిక్‌ విద్యార్థులకు చేతి సోల్డరింగ్‌తో పాటు స్టెన్సిల్‌ శుభ్రత, పేస్ట్‌ పరిమాణం తనిఖీ నేర్పినప్పుడే స్థానిక యువతకు కూర్పు పనికి మించిన కొలువులు దక్కుతాయి.