అన్నీ మొలలే అంటే ఎలా?



హిమాయత్‌నగర్ లిబర్టీ కూడలి నుండి బషీర్‌బాగ్, ఆబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషను వరకు ఒకసారి నడిచి చూడండి. కరెంటు స్తంభాల మీద, ప్రహరీ గోడల మీద అంటించిన కాగితాలలో ఒకే ప్రకటన మీకు పదేపదే ఎదురవుతుంది: మొలలు, ఫిషరు, ఫిస్టులాలకు ఆపరేషను లేకుండా శాశ్వత నివారణ. క్రింద ఒక సెల్‌ఫోను సంఖ్య ఉంటుంది. వైద్యుని పట్టా గాని, రిజిస్ట్రేషను సంఖ్య గాని ఉండవు. ప్రభుత్వ వైద్యశాలలలో శస్త్రవైద్యునిగా జీవితం గడిపిన నాకు ఆ కాగితాన్ని చూస్తే నేటికీ ఒళ్లు మండుతుంది. దానిని నమ్మినవారిలో ఎందరో చివరకు వచ్చి చేరింది మా వార్డులలోనే.

ఆ కాగితం చేసే మొదటి అపకారం మందుతో కాదు, మాటతో. మలద్వారం వద్ద ఏ బొడిపె తగిలినా మనవారు దానిని ‘మొలలు’ అనుకొని ఊరుకొంటారు. నిజానికి లోపలి మొలలు సాధారణంగా నొప్పి పెట్టవు. నొప్పి లేకుండా ఎర్రని రక్తం పడడమే వాటి ముఖ్య లక్షణం. కనుక నొప్పి పుట్టించే బొడిపె కనిపించినప్పుడు మరొక కారణాన్ని వెదకవలసిందే.

ఒక్క పూటలో పుట్టి, బఠాణీ గింజంత నీలిరంగులో ఉబ్బి విపరీతంగా సలిపితే, అది బయటి మొలలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. తొలి రెండు మూడు రోజులలో వస్తే చిన్న శస్త్రచికిత్సతో ఉపశమనం కలుగుతుంది. ఆ గడువు దాటితే గోరువెచ్చని నీటిలో కూర్చుంటూ ఓపిక పట్టినా చాలా వరకు అదే తగ్గుతుంది. విరేచనమప్పుడు గాజుపెంకుతో కోసినట్లుండి, ఆ తరువాత కూడా గంటల తరబడి మంట పుడితే అది చర్మం చీలడం, అనగా ఫిషరు. ఆ చీలిక అంచున ఏర్పడే చర్మపు తోకను చూసి మొల అని భ్రమపడేవారు అనేకులు.

నా ఆందోళనకు అసలు కారణం చీముగడ్డ. మలద్వారం లోపలి అంచున ఉండే చిన్న గ్రంథులలో ఒకటి పూడుకుపోయి, అందులో సూక్ష్మజీవులు పెరిగి, చీము ప్రక్క కండరాల మధ్యకు దారి చేసుకొంటుంది. నొప్పి రాత్రింబవళ్లు పోటు పెడుతుంది. కూర్చోనివ్వదు. జ్వరం వస్తుంది. ఒక్కొక్కప్పుడు చీము లోతున ఉండి పైకి వాపే కనిపించదు, నొప్పి మాత్రమే ఉంటుంది. దీనికి పూతమందు పనికిరాదు, యాంటీబయాటిక్ మాత్రలు ఒక్కటే చాలవు. చీమును బయటికి తీయవలసిందే, అదీ ఆలస్యం లేకుండా. తీసిన తరువాత కూడా సుమారు మూడింట ఒక వంతు మందిలో లోపలికీ బయటికీ ఒక సన్నని సొరంగం మిగులుతుంది. అదే భగందరం. ఎండినట్లే ఎండి, మళ్లీ ఉబ్బి, మళ్లీ కారుతుంది. మాటిమాటికీ ఇలా జరిగితే క్షయను, క్రోన్స్ అనే ప్రేగుల వ్యాధిని కూడా పరిశీలించాలి.

నలభై దాటిన ఒక ఆటో డ్రైవరు నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. మధుమేహం ఉంది. తొమ్మిది రోజులు మందుల దుకాణంలో కొన్న పూత రాసుకొన్నాడు. పదవ రోజున గోడమీది కాగితం చూసి వెళితే, ఎవడో మత్తు కూడా ఇవ్వకుండా బ్లేడుతో గాటు పెట్టి పంపించాడు. మా వద్దకు వచ్చేసరికి వృషణాల దాకా చర్మం నల్లబడింది. కుళ్లిన కండను మూడుసార్లు తొలగించాము. ప్రాణం దక్కింది గాని, నెలల తరబడి ఆటో నడపలేకపోయాడు. ఈ నగరంలోనే, అఫ్జల్‌గంజ్ వైద్యశాలలో, 1888, 1889 సంవత్సరాలలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన క్లోరోఫాం భద్రతపై ప్రపంచం గమనించిన పరిశోధనలు జరిగాయి. అటువంటి ఊరిలో మత్తు లేకుండా మనిషిని కోస్తున్నారంటే మనం ఏ శతాబ్దంలో ఉన్నాము?

చట్టం లేదా అంటారేమో. ఉన్నది. అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా విధిస్తుంది. 1945 నాటి ఔషధ నియమాలలోని జె షెడ్యూలులో ఉన్న వ్యాధులను నయం చేస్తానని ఏ ఔషధమూ చెప్పుకొనరాదు. మొలలూ, భగందరమూ ఆ పట్టికలో ఉన్నాయి. స్తంభం మీది కాగితాన్ని మాత్రం ఎవరూ చించరు.

ఆయుర్వేదాన్ని నేను నిందించడం లేదు. భగందరానికి క్షారసూత్ర చికిత్సను సుశ్రుతుడు ఎరుగును. శిక్షణ పొందిన ఆయుర్వేద శస్త్రవైద్యులు దానిని నేటికీ చక్కగా చేస్తున్నారు. నా పోరు అర్హత లేని చేతులతోనే. అలాగని మా వృత్తి కూడా నిర్దోషి కాదు. రోగి ‘మొలలండీ’ అనగానే, గుడ్డ తొలగించి చూడకుండా మందుచీటీ వ్రాసే వైద్యులు ఎందరు లేరు? లోపలి వ్రణమేదో తేల్చకుండానే లేజరు ప్యాకేజీ ధర చెప్పేవారు మరికొందరు. పరీక్షలేని చికిత్స ఎవరు చేసినా గుడ్డి చికిత్సే. పెద్దప్రేగు చివర క్యాన్సరు మొలల పేరుతో నెలల తరబడి దాగడం నా కంటితో చూశాను. విరేచనం తీరు మారినా, బరువు తగ్గినా, గట్టి గడ్డ తగిలినా, నలభై దాటినవారికి రక్తం పడినా మొలలనుకొని ఊరుకోకండి.

ఇక సిగ్గు సంగతి. స్త్రీలు భర్తకు సైతం చెప్పక కుమిలిపోతారు. అమ్మా, పరీక్ష సమయంలో నర్సు దగ్గర ఉండాలని అడగడం మీ హక్కు. తెర లేని గదిలో పరీక్షించబోతే తెర వేయమనండి.

హిమాయత్‌నగర్ వాసులకు కింగ్‌కోఠీ ప్రభుత్వాసుపత్రి దగ్గరే. నాంపల్లిలో ఏరియా ఆసుపత్రి ఉన్నది, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఉన్నది. శస్త్రచికిత్స విభాగానికి వెళ్లండి. జ్వరం, చలి, పెరిగే వాపు, చర్మం నల్లబడడం, మూత్రం బంధించడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లండి. మధుమేహులైతే వాపూ నొప్పీ చాలు, మరుసటి ఉదయం దాకా ఆగవద్దు. పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు: ఎడమ ప్రక్కకు తిరిగి మోకాళ్లు పొట్టకు ముడుచుకొని పడుకొంటారు, తొడుగు వేసిన వ్రేలితో వైద్యుడు చూస్తాడు. నొప్పి భరించరానిదైతే మత్తు ఇచ్చిన తరువాతే చూస్తారు, ఆ మాట ముందే చెప్పండి. ఎన్నాళ్లుగా ఉన్నది, ఇంతకు ముందు అదే చోట ఉబ్బినదా, రక్తం ఏ రంగున పడినది, ఏమేమి పూశారు అన్నవి దాచకుండా చెప్పండి. షుగరు మందులు వాడుతుంటే ఆ చీటీ వెంట తీసుకువెళ్లండి.