దీపాల వేటకే నిషేధం, బోటు దీపాలకు కాదు: బ్యాటరీ లెక్క ఇలా చూసుకోండి

ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటాక 200 నాటికల్ మైళ్ల వరకు ఉన్న సముద్రంలో, చేపల వేటకు కేంద్రం 2025 నవంబరులో కొత్త నియమాలు ప్రకటించింది. ఎల్‌ఈడీ దీపాలతో చేసే వేటను వీటిలో నిషేధించింది. 2017 నవంబరు నుంచే ఈ నిషేధం అమలులో ఉంది. దీపం పెడితే పట్టుకుంటారేమోనని రాత్రిపూట బోటు దీపాలు ఆర్పవద్దు. నిషేధం చేపలను ఆకర్షించే దీపాలకే. మీ బోటు ఓడలకు కనిపించేలా పెట్టే దీపాలు తప్పనిసరి.

రెండింటికీ తేడా బ్యాటరీ లెక్కలోనే తెలుస్తుంది. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. వాటిని గంటలతో గుణిస్తే ఎంత చార్జి ఖర్చవుతుందో తెలుస్తుంది. 75 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగం, అంటే 37 వరకే వాడుకోవాలి. అంతకు మించి తరచూ దించితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

• అన్నీ కలిపి 20 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు, 10 గంటలు: సుమారు 17. రెండు రాత్రులు వస్తుంది.
• 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒక్కటి, 10 గంటలు: సుమారు 46. ఒక్క రాత్రికీ చాలదు.
• 1000 వాట్ల ఆకర్షక దీపాలు: అరగంట కూడా రాదు. అందుకే వాటికి జనరేటర్ పెడతారు.

ఆ వెలుగుకు పిల్ల చేపలు కూడా వచ్చి వలలో పడతాయి. చివరికి నష్టపోయేది చిన్న బోట్ల వాళ్లే. కాబట్టి ఈ నిషేధం మీకు మేలు చేసేదే.

ఏ దీపాలు ఉండాలి?
నడిచేటప్పుడు ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ, పైన చుట్టూ కనిపించే తెలుపు దీపం ఉండాలి. వల వేసి ఉన్నప్పుడు పైన ఎరుపు, దాని కింద తెలుపు వెలగాలి. ట్రాలింగ్ చేసే బోట్లకు పైన ఆకుపచ్చ, కింద తెలుపు.

వేట విరామంలో చేయాల్సిన పనులు
మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజుల్లో ఈ పనులు పూర్తి చేసుకోండి.

• బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు పెట్టించండి. తీగ రాపిడితో షార్ట్ అయినా మంటలు రాకుండా కాపాడుతుంది.
• ఉప్పు గాలికి టెర్మినళ్లు చిలుము పడతాయి. శుభ్రం చేసి వాజిలిన్ రాయండి.
• సెల్ఫ్ స్టార్ట్ ఇంజను ఉంటే దీపాలకు వేరే బ్యాటరీ పెట్టుకోండి.
• ఒడ్డున ఉన్నా నెలకోసారి చార్జింగ్ పెట్టండి. చార్జింగ్ తీసి కొన్ని గంటలయ్యాక మీటరులో 12.6 వోల్టులు చూపాలి. 12.2 ఉంటే సగమే మిగిలినట్టు.

మళ్లీ వేటకు వెళ్లేముందు ఒక రాత్రి ఒడ్డునే అన్ని దీపాలూ వెలిగించి ఉంచండి. తెల్లవారే వరకు వెలిగితేనే వాటిని నమ్మి సముద్రంలోకి వెళ్లవచ్చు.