ఆరునెలల లెక్క

గత సంచికలో నామినేషన్ గురించి రాస్తే చాలామంది ఉత్తరాలు రాశారు, సంతోషం. ఈసారి బ్యాంకు సంగతులు పక్కన పెట్టి మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను.

మా బ్యాంకువాళ్ళకి సెప్టెంబరు 30, మార్చి 31 పండగలకన్నా ముఖ్యం. ఆరునెలల లెక్క తేలితే గాని ఆ రాత్రి ఇంటికి వెళ్ళేది లేదు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ తేదీలు తప్పని నేను మా తమ్ముడి విషయంలో తప్పాను.

2011లో బరంపురంలో రక్తదానం చేసినప్పుడు వాడికి హెపటైటిస్ బి ఉందని తెలిసింది. ఒంట్లో ఏ బాధా లేదు. డాక్టరుగారు ఆరునెలలకోసారి కడుపు స్కానింగు, రక్తపరీక్ష చేయించుకోమన్నారు. రెండుసార్లు వెళ్ళాడు. తరవాత అడిగితే, "ఏమీ లేనప్పుడు ఊరికే డబ్బు తగలెయ్యడం దేనికి అన్నయ్యా!" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. 2019లో కడుపునొప్పితో వెళితే కాలేయంలో గడ్డ ఆపరేషనుకి లొంగనంత పెరిగిపోయింది. ఏడు నెలలకే వెళ్ళిపోయాడు.

క్రమం తప్పకుండా వెళ్ళి ఉంటే బతికేవాడా? మరదలు ఒకసారి అడిగింది. జవాబు చెప్పలేక, తెలిసినవాళ్ళని అడిగి, చదివి, కొంత తెలుసుకున్నాను.

చైనాలోని షాంఘైలో 1990లలో, హెపటైటిస్ బి ఉన్నవాళ్ళనీ, కాలేయం వాపు జబ్బు పడ్డవాళ్ళనీ 18,816 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఆరునెలలకోసారి స్కానింగు, ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే రక్తపరీక్ష. రెండో వర్గానికి ఏమీ లేదు. పరీక్షలు చేసిన వర్గంలో 86 క్యాన్సర్లు బయటపడ్డాయి, 32 మంది పోయారు. రెండో వర్గంలో 67 బయటపడ్డాయి, 54 మంది పోయారు. చావులు మూడోవంతుకి పైగా తగ్గినట్టు. ఆ లెక్క కట్టిన పద్ధతిలో లోపాలున్నాయని అన్న పండితులూ ఉన్నారు. పరీక్షలకి వంద పిలుపులకి 58 సార్లే వచ్చారట. మా తమ్ముడిలాంటివాళ్ళు అక్కడా ఉన్నారన్నమాట.

అదే చైనాలో చీడాంగ్ అనే చోట 5,581 మంది మగవాళ్ళకి రక్తపరీక్ష ఒక్కటే ఆధారంగా ఇలాంటి ప్రయత్నమే చేశారు. జబ్బు ముందుగా దొరికింది గాని చావులు తగ్గలేదు. మా ఆడిట్ భాషలో చెప్పాలంటే, తప్పు పట్టుకోవడం వేరు, సరిదిద్దడం వేరు. దొరికినవాళ్ళకి తగిన వైద్యం అందకపోతే తనిఖీ కాగితం మీదే మిగులుతుంది.

దక్షిణ కొరియా ప్రభుత్వం 2003లో కాలేయ క్యాన్సరుని తన జాతీయ పరీక్షల పథకంలో చేర్చింది. అందరికీ కాదు. నలభై దాటి, హెపటైటిస్ బి గాని, సి గాని, కాలేయం గట్టిపడే సిరోసిస్ గాని ఉన్నవాళ్ళకే. ఎందుకంటే ఈ క్యాన్సరు చాలావరకు అప్పటికే దెబ్బతిన్న కాలేయంలోనే పుడుతుంది. అసలు రాకుండా చేసే దారి టీకా. తైవాన్ 1984లో పసిపిల్లలకి హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టాక, అక్కడి పిల్లల్లో ఈ క్యాన్సరు దాదాపు సగానికి తగ్గింది. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను తయారుచేసి దేశంలో చవక చేసింది.

మన దేశంలో కొరియాలాంటి పథకం లేదు. ప్రభుత్వ క్యాన్సరు పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే. అయితే 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో బి, సి రకాల పరీక్షలు, మందులు ఉచితంగా దొరుకుతాయి. పిలిచి గుర్తుచేసేవాళ్ళే లేరు. ఆ పని ఇంటివాళ్ళం చెయ్యాలి.

ఇంకో మాట. కామెర్లనగానే పసరు మందు పోయించి, తగ్గింది కదా అని మరిచిపోవడం మనవాళ్ళకి అలవాటు. కళ్ళ పచ్చదనం పోయినా హెపటైటిస్ బి లోపల ఉండిపోవచ్చు. ఇది రక్తం వల్ల, సూదుల వల్ల, కలయిక వల్ల, తల్లినుంచి బిడ్డకి వస్తుంది. ఒకే కంచంలో తిన్నంత మాత్రాన రాదు. కాబట్టి దాచుకోవలసిన పని లేదు.

తమ్ముడు పోయాక ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించాం. లేనివాళ్ళం టీకా వేయించుకున్నాం. తమ్ముడి పెద్దకొడుక్కి ఉందని తేలింది. వాడు పుట్టిన 1996లో ఈ టీకా ప్రభుత్వ జాబితాలో లేదు. తండ్రికి వచ్చింది కనుక వయసుతో పని లేకుండా ఇప్పటినుంచే చూడాలన్నారు డాక్టరుగారు. వాడి తేదీలు నా డైరీలో రాసుకున్నాను: సెప్టెంబరు, మార్చి. బ్యాంకు లెక్కలు తేలిన మర్నాడే వాడిని వెంటబెట్టుకుని వెళతాను. "నేను వెళ్ళగలను పెదనాన్నా, మీకెందుకు శ్రమ" అంటాడు. అన్నా సరే, వెళుతున్నాను.

మరదలికి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. తప్పకుండా బతికేవాడని చెప్పలేను. బతికే అవకాశం పెరిగేదని మాత్రం తెలిసింది. అది చెప్పడం ఇంకా కష్టం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి తేదీ ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ఒక్కసారి అడగండి. వచ్చే సంచికలో కలుద్దాం.