వంకాయ కారు అబద్ధమాడదు

మా జ్యోతినగర్‌లో కూర్చుని హైపర్‌కార్ల రూపురేఖల మీద తీర్పులు చెప్పడమంటే, ఎడారిలో కూర్చుని పడవ పందేల గురించి వ్యాఖ్యానించడమేనని ఒక మిత్రుడు ఎద్దేవా చేశాడు. కాదనలేను. ఇక్కడ తెల్లవారితే కనిపించేవి ఎన్.టి.పి.సి. పొగగొట్టాలు, బొగ్గు వ్యాగన్లు, రాజీవ్ రహదారి మీద బారులు తీరిన బూడిద లారీలు. ఇరవై కోట్ల కారు ఒకటి దారి తప్పి ఇటు వస్తే, మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే దాని యాత్ర ముగుస్తుంది. అయినా ఈ టపా రాయక తప్పడం లేదు. అందుకు కారణం మా మేనల్లుడు.

వాడు ఇంటర్ ముగించి, వాహనాల రూపకల్పన చదువుతానని పట్టుబట్టాడు. మా బావ గోదావరిఖని వైపు ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటరు. కొడుకు అందరిలాగే ఇంజనీరింగులో చేరాలని ఆయన కోరిక. నెల రోజుల మౌనయుద్ధం తరువాత ఇద్దరి మధ్యా ఒక సంధి కుదిరింది. వాడు గీసిన బొమ్మలు నేను చూడాలి. ఇది అన్నం పెట్టే విద్యేనని నేను చెబితే ఆయన ఫీజు కడతాడు. నాకు చిత్రకళలో ప్రవేశం లేదు. ఇన్నేళ్లుగా కార్ల గురించి దొరికినదల్లా చదువుతున్నానన్న ఒక్క అర్హతతో, ఒక కుర్రవాడి భవిష్యత్తు నా నోటి మాట మీద వాలింది.

వాడు పన్నెండు కాగితాలు పరిచాడు. పదకొండింటిలో హైపర్‌కార్లే. రెక్క మీద రెక్క, రెక్క చివర కొమ్ము, తలుపు మీద ఐదు రంధ్రాలు, వెనుక చక్రం మీద మరో మూడు. ప్రతి కారు మీదా ‘లిమిటెడ్ ఎడిషన్, పదింటిలో ఒకటి’ అని ఒక బిరుదు. మా బావ కాసేపు పరికించి, తన సహజ ధోరణిలో, “గీ బొక్కలెందుకురా? పనిలేని బొక్కల దుబ్బ తప్ప ఏం జొరది” అన్నాడు. వాడు చిన్నబుచ్చుకున్నాడు. నేను నవ్వు ఆపుకున్నాను గాని, ఆ మాట మాత్రం ఆ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. 2013లో లంబోర్గినీ సంస్థ తన యాభయ్యో ఏడాది వేడుకగా జెనీవాలో ‘వెనేనో’ అనే కారును ఆవిష్కరించినప్పుడు, దాని చిత్రాన్ని నా కంప్యూటరు తెరకు అలంకరించుకున్నవాణ్ని నేను. ఆ కారు కొనుగోలుదారులకు చేసినవి మూడే మూడు. ధర పన్నులు కాక ముప్పై లక్షల యూరోలు, అంటే అప్పటి మారకంలో ఇరవై కోట్ల పైమాట. చూడటానికి కోపగించిన మిడతలా ఉండేది. ఆ కోపమే అప్పట్లో నాకు అందంగా తోచింది.

కొంతకాలానికి అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను. వెనేనోకు మూలం అదే సంస్థ అవెంటడోర్. రెండింటిలోనూ ఆరున్నర లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజనే. అవెంటడోర్ శక్తి 700 అశ్వశక్తులు, వెనేనోది 750. గరిష్ఠ వేగం గంటకు 350 కిలోమీటర్ల నుంచి 355కు పెరిగింది. ధర మాత్రం దాదాపు పది రెట్లు. ఆ గీతలన్నీ గాలి కోసమే గీశామని తయారీదారులు చెప్పారు. నిజంగా అంత మేలు చేసే గీతలే అయితే, వేల సంఖ్యలో అమ్ముడైన అవెంటడోర్‌కు వాటిని ఎందుకు ఇవ్వలేదు? గాలికి ప్రతుల సంఖ్యతో పని లేదు. మూడు కార్లు చేసినా మూడు వేలు చేసినా అది ఒకేలా వీస్తుంది.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. వేగం రెట్టింపైతే గాలి ఎదురునెట్టే బలం నాలుగింతలవుతుంది. దాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. వెనుక అమర్చిన రెక్క కారును నేలకు అదుముతుంది, మలుపులో టైరుకు పట్టు ఇస్తుంది. ఆ మేలుకు అది పుచ్చుకునే వెల, ముందుకు పోయే వేగంలో కొంత కోత. రంధ్రం కూడా అంతే. దాని వెనుక రేడియేటరో బ్రేకో ఉంటే అది ఊపిరితిత్తి. ఏమీ లేకపోతే వట్టి పుండు. కనుక హైపర్‌కారు మీద ప్రతి గీతా ఒక లావాదేవీ. ఏమి తీసుకుని ఏమి ఇచ్చావని మనం అడగవచ్చు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల కార్లు అన్నీ అందగత్తెలేమీ కావు. 2018లో రోడ్డెక్కిన మెక్‌లారెన్ సెన్నాను చూసి అభిమానులే ముఖం చిట్లించారు. విడిభాగాలను హడావిడిగా అతికించినట్టుంటుంది దాని ఆకారం. కాని గంటకు 250 కిలోమీటర్ల వేగంలో 800 కిలోల బలంతో అది నేలకు అతుక్కుంటుంది. ఐదు వందల ప్రతులకూ ఆ కురూపం అంత ఖచ్చితంగా పనిచేస్తుంది. గోర్డన్ మర్రే 2020లో చూపించిన టి.50 వెనుకభాగంలో 40 సెంటీమీటర్ల ఫ్యాను తిరుగుతుంటుంది. ఎవరైనా ఆభరణమనుకుంటారు; నిజానికి కారు కింది గాలిని లాగి, పెద్ద రెక్క అవసరం లేకుండా చేసేది అదే. 1987 నాటి ఫెరారీ ఎఫ్40 వెనుక నిలువెత్తు రెక్క ఉంది, కాని తలుపు తీయడానికి లోపల పిడి కూడా లేదు, ఒక తాడు మాత్రమే. బరువు తగ్గించడానికి పిడిని వదులుకున్న మనిషి రెక్కను ఉంచాడంటే, ఆ రెక్కను నమ్మవచ్చు.

ఇవన్నీ మా మేనల్లుడికి చెప్పాను. వాడు ఓపికగా విని, “గట్లయితే కౌంటాష్ సంగతేంది మామా? దాన్ని గూడ అప్పట్ల అందరు పిచ్చిదన్నరు గద” అన్నాడు. గట్టి ప్రశ్నే. అభిమానులందరూ చివరికి ఎక్కే కొమ్మ కూడా అదే: నేటి అతి రేపటి ప్రమాణం అవుతుందని.

కాని కౌంటాష్ కథలో రెండు అధ్యాయాలున్నాయి. మార్చెల్లో గండీనీ గీసిన మొదటి రూపం, 1974లో అమ్మకానికి వచ్చినది, సాహసమే గాని శుభ్రమైనది. దాదాపు ఒకే గీతలో ముక్కు నుంచి తోక దాకా సాగిపోతుంది. రెక్క తరువాత వచ్చి చేరింది, అదీ కోరుకున్నవారికే. ఆ రెక్కతో నిలకడ కొంత పెరిగినా గరిష్ఠ వేగం గంటకు 16 కిలోమీటర్ల దాకా పడిపోయేది. అయినా ఎక్కువమంది కొనుగోలుదారులు దాన్ని అడిగి మరీ పెట్టించుకున్నారు. వేగం కోసం కోట్లు పోసినవారే వేగంగా కనబడటం కోసం వేగాన్ని వదులుకున్నారు! హైపర్‌కార్ల అలంకార వ్యసనమంతా ఆ ఒక్క రెక్కలో ఉంది. గండీనీ 2024లో కన్నుమూశాడు. ఆయన్ని తలుచుకునేవారికి మొదట గుర్తొచ్చేది ఆ గీత. ఆ రెక్క కాదు.

“మరి అలంకారమే వద్దా?” అని మీరడగవచ్చు. అంత నీరసవాదిని కాను. హైదరాబాదులో జూపార్కు దగ్గర, బహదూర్‌పురాలో, సుధా కార్ల మ్యూజియం ఉంది. 2010లో ప్రారంభమైంది. సుధాకర్ యాదవ్ అనే ఒక్క మనిషి పిచ్చి ప్రేమతో చేయించిన వాహనాలవి: బూటు కారు, క్రికెట్ బంతి కారు, హ్యాండ్‌బ్యాగు కారు, వంకాయ కారు. ఆయనే చేయించిన మహా మూడుచక్రాల సైకిలు 2005లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అక్కడ పిల్లలూ పెద్దలూ ఒకేలా నవ్వుతారు. రూపం అతిగా ఉండటమంటే, వంకాయను మించిన అతి ఏముంటుంది? అయినా అది నన్ను నొప్పించలేదు. ఆ తొడిమ గాలిని చీల్చుతుందని ఎవరూ చెప్పలేదు. అది వంకాయనని చెప్పుకుంటుంది, నడుస్తుంది, నవ్విస్తుంది. మన లారీల మీది నెమళ్లూ కలువలూ కూడా అంతే. వాటిని వేసినవాడు ఇది ముచ్చట అనే వేశాడు. దానివల్ల మైలేజీ పెరుగుతుందని యజమానికి నమ్మబలకలేదు.

అలంకారం తనను తాను అలంకారమని ఒప్పుకున్నంతసేపూ అందులో తప్పులేదు. పనివాడి వేషం వేసుకుని, పని చేయకుండా కూలి అడిగినప్పుడే అది అసహ్యమవుతుంది.

సాహిత్యం చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి ఒక గ్రంథమే రాశాడు. మొలనూలును మెడలో వేసుకుంటే నవ్వులపాలవుతామన్నది అందులో ఆయన చూపిన దృష్టాంతాల్లో ఒకటి. మొలనూలు చెడ్డది కాదు, మెడా చెడ్డది కాదు. చోటు తప్పింది, అంతే. మలుపుల్లేని తిన్నని దారిలో, ఏసీ గ్యారేజీలో, జీవితమంతా నిశ్చలంగా గడపబోయే కారుకు పందెపు రెక్క తగిలించడం మెడలో మొలనూలే.

ఈ వెర్రికి మూలం కూడా తెలియనిది కాదు. కొత్త ఇంజను తయారు చేయాలంటే ఏళ్లూ వందల కోట్లూ కావాలి. పాత ఇంజను మీద కొత్త కవచం తొడగడం దానితో పోలిస్తే చవక. మూడు ప్రతులో పది ప్రతులో చేసేటప్పుడు, కొన్నవాడికి తన కారు వేరన్న సంగతి వంద గజాల దూరం నుంచి తెలియాలి. లోపల తేడా తక్కువైన కొద్దీ బయట కేక పెద్దదవుతుంది.

కేక లేకుండానూ చేయవచ్చనడానికి నిదర్శనం మన దగ్గరికే వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలోనే తొలి ఫార్ములా ఈ పందెం జరిగింది. ఆ సందడిలోనే మహీంద్రా వారి చేతిలో ఉన్న సంస్థ కారు, పినిన్‌ఫరీనా బత్తిస్తా, హైదరాబాదుకు వచ్చింది. నాలుగు మోటార్లు, 1,900 అశ్వశక్తులు, రెండు సెకన్లలోపే నూరు కిలోమీటర్ల వేగం. మించి చేస్తే నూట యాభై ప్రతులు. ఇన్ని గొప్పలుండీ దాని ఒంటి మీద ఒక్క అరుపు లేదు. తడిసిన గులకరాయిలా నున్నగా ఉంటుంది. సిగ్గుపడవలసిన లోటు లేనివాడు మెల్లగా మాట్లాడగలడు కదా!

ఇక మా ఇంటి తీర్పు. ఆ పన్నెండో కాగితం సంగతి నేనింకా చెప్పలేదు. అది వాళ్ల నాన్న నడిపే డంపరు బొమ్మ. తొట్టి ముందంచు క్యాబిన్ మీదికి గొడుగులా చాచుకుని ఉండటం, రాళ్లు పడినా మనిషి బతకాలని. ముందువైపు నిచ్చెన, మనిషెత్తు టైరు, అన్నీ ఉన్నాయి. ఒక్క గీత ఎక్కువ లేదు. బావకు ఆ కాగితం చూపి, “దీన్ని చూసి ఫీజు కట్టు బావా” అన్నాను. ఆయన దాన్ని చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

కొడుక్కి మాత్రం కోపం వచ్చింది. “గది ఊకె గీసిన మామా. నా అసలు బొమ్మలు గివి” అన్నాడు. పద్దెనిమిదేళ్ల వయసులో నా చేతికి ఆ విద్య ఉంటే నేనూ రెక్కలే గీసేవాణ్ని. అందుకని వాడి రెక్కలు కత్తిరించమనలేదు. ప్రతి గీత పక్కనా అది చేసే పనేమిటో రాయమన్నాను. పని లేకపోతే ‘అలంకారం’ అని నిజాయితీగా రాయమన్నాను.

వారం తరువాత నాలుగు కాగితాలతో వచ్చాడు. రంధ్రాలు చాలావరకు పూడిపోయాయి. కొన్ని గీతల పక్కన బ్రేకుల పేరు, రేడియేటరు పేరు ఉన్నాయి. ఒక కారుకు మాత్రం తోక మీద ఎర్రటి రెక్క అలాగే నిలిచి ఉంది. దాని పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది: ‘అలంకారం. నాకు ఇష్టం.’

దానికి నేను అభ్యంతరం చెప్పలేదు.