బ్రదర్ మిల్లర్ చేసింది బడి పనే

"పంతులువి, పాఠం చెప్పుకొని ఇంటికి పో. లోకం గొడవ నీకెందుకు?" సర్కారు బడిలో పనిచేసినన్నాళ్లూ ఈ మాట విన్నాను. పోలీసులూ అన్నారు, అడవిలోంచి వచ్చినవాళ్లూ అన్నారు. ఫిబ్రవరి 13 దగ్గరపడితే దానికి జవాబుగా నాకో మనిషి గుర్తొస్తారు: బ్రదర్ జేమ్స్ మిల్లర్.

కాజీపేట ఫాతిమానగర్ గాబ్రియేల్స్‌లో చదివినవాణ్ని కనుక బ్రదర్ అంటే ఫాదర్ కాదని తెలుసు. పూజ చేసేది ఫాదర్. పెళ్లీ ఆస్తీ వద్దనుకొని బడికే అంకితమైనవాళ్లు మా బ్రదర్లు. మిల్లర్‌ది వేరే సభ, డి లా సాల్. 1944లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రైతు కుటుంబంలో పుట్టారు. పాఠం చెప్పిన చేత్తోనే బడిలో మరమ్మతులూ చేసేవారు.

మొదట నికరాగువా వెళ్లారు. అక్కడి నియంత సొమోజా ప్రభుత్వం పల్లెల్లో బడులు కట్టిస్తుంటే దగ్గరుండి చూసుకున్నారు. 1979లో సాండినిస్టా తిరుగుబాటుదారులు గెలిచే వేళకు అదే ఆయన మీద అనుమానానికి కారణమైంది. సభ పెద్దలు వెనక్కి పిలిపించారు. నియంతతో కలిసి పనిచేయడం తప్పు కాదా అని అడగవచ్చు, అడగాలి కూడా. నా మటుకు నాకు, ఆ బడుల్లో చదివిన పిల్లలే ఆయన పక్షం.

1981లో గ్వాటెమాలా చేరారు. 1960 నుంచి 1996 దాకా అక్కడ అంతర్యుద్ధం. చనిపోయినవారు, మాయమైనవారు కలిపి రెండు లక్షల పైమాటేనని తర్వాత సత్యశోధన కమిషన్ అంచనా కట్టింది. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా ఆదివాసులే. మిల్లర్ పనిచేసిన వెవెతెనాంగోలో ఆదివాసీ పల్లెల కుర్రాళ్లకు బ్రదర్లు హాస్టల్ నడిపేవారు. సైన్యం ఆదివాసీ యువకులను బలవంతంగా పట్టుకుపోయేది. చదువుకుంటున్నవాళ్లకు చట్టం మినహాయింపు ఇచ్చింది కనుక, హాస్టల్ కుర్రాణ్ని పట్టుకుపోతే బ్రదర్లు వెళ్లి, వీడు మా విద్యార్థి, వదలండి అని అడిగేవారు. 1982 ఫిబ్రవరి 13న మిల్లర్ నిచ్చెనెక్కి హాస్టల్ గోడ బాగుచేస్తుండగా ముసుగు మనుషులు కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. ఎవరికీ శిక్ష పడలేదు.

2019 డిసెంబరు 7న కథోలిక సంఘం అదే ఊళ్లో ఆయనను వేదసాక్షిగా, ధన్యుడిగా ప్రకటించింది. చనిపోయింది మతం కోసమా, రాజకీయం కోసమా అన్న చర్చ నాకు పొసగదు. ఆయన తుపాకీ పట్టలేదు. తన దగ్గర చదివేవాళ్లను తనవాళ్లే అన్నారు. పేదవాడి కొడుకు చేతికి తుపాకీ ఇవ్వాలనుకునే పాలకులకు ఆ కాస్త కూడా గిట్టదు.

మన పిల్లలను సైన్యం పట్టుకుపోవడం లేదు. పత్తి చేలకు, ఇటుక బట్టీలకు, ఈడు రాని పెళ్లిళ్లకు పోతున్నారు. పిల్లాడు బడికి ఎందుకు రాలేదో వాడి ఇంటికీ బట్టీ యజమాని దగ్గరికీ వెళ్లి అడగడం అదనపు సేవ కాదు, ఉద్యోగంలో భాగమే. అలా అడిగిన టీచర్‌ను బదిలీతో బెదిరించకుండా విద్యాశాఖ కాపాడాలి. ఊళ్లోవాళ్లు నలుగురైనా ఆ టీచర్ వెంట నడవాలి.